నల్లగొండ నుంచి ఔలీ: మంచు మీద మొదటి అడుగులు

మొదటి రోజు

ముందు రోజు సాయంత్రమే నల్లగొండలో బస్సెక్కి, రాత్రికి దిల్‌సుఖ్‌నగర్‌లో పిన్ని వాళ్లింట్లో పడుకుని, తెల్లవారకముందే సికింద్రాబాద్ స్టేషన్‌కు చేరుకున్నాం. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ దాకా టికెట్లు. అక్కడి నుంచి ఉత్తరాఖండ్ కొండల్లో ఉన్న ఔలీకి, స్కీయింగ్ నేర్చుకోవడానికి. కాళ్లకు స్కీలనే పొడవాటి పట్టీలు తగిలించుకుని మంచు వాలు మీద జారే ఆట అది. నేను, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, తమ్ముడు, మరదలు. నలుగురిలో ఎవరమూ అంతవరకు మంచు తొక్కినవాళ్లం కాదు. తమ్ముడికి బత్తాయి తోట ఉంది, ఒక సంచి నిండా కాయలు తెచ్చాడు. సంక్రాంతికి చేసిన సకినాల్లో మిగిలినవన్నీ మరదలు డబ్బాకెత్తింది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు ఖోఖో, కబడ్డీ నేర్పుతున్నాను. ఏ ఆటస్థలానికి పోయినా నా కళ్లు ముందు మొదటిసారి వచ్చిన పిల్ల మీద పడతాయి. ఆ పిల్లను ఎవరు పలకరిస్తారు, పడితే ఎవరు లేపుతారు, దాహమైతే నీళ్లెక్కడ, ఆడపిల్లలకు బాత్రూం ఎంత దూరం. బాగా ఆడేవాళ్లు ఎక్కడైనా ఆడతారు. ఒక చోటు మంచిదో కాదో కొత్తవాళ్లను చూస్తే తెలుస్తుంది. ఔలీని కూడా ఈ కళ్లతోనే చూడాలనుకున్నాను.

ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాక కిటికీలోంచి భువనగిరి కోట కనబడింది. అంత పెద్ద గుట్ట, ఒకే బండ. ఎప్పుడు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆ పిల్లకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఎక్కడం నేర్చుకుంది ఈ బండ మీదే. కిందటేడు మా బడి ఆడపిల్లలను కూడా ఇక్కడికి తీసుకొచ్చాను. అందరూ తాడు పట్టుకుని ఎక్కారు, ఒక్క పిల్ల తప్ప. ఎనిమిదో తరగతి, కబడ్డీ కూతకు పోతే మెరుపే. బండ దగ్గరికి రాగానే బూట్లు విప్పి పక్కన పెట్టుకుని కూర్చుండిపోయింది. "నాకు భయమైతుంది మేడం" అన్నది. నేను నా నోటుబుక్‌లో ఆ పిల్ల పేరు పక్కన 'భయం' అని రాసుకున్నాను. ఆ నోటుబుక్ ఇప్పుడు కూడా నా బ్యాగులోనే ఉంది.

రెండో రోజు

పొద్దున ఢిల్లీ, సాయంత్రానికి బస్సులో హరిద్వార్. గంగా హారతి చూసి పడుకున్నాం. చలి మొదలైంది, అంతే.

మూడో రోజు

హరిద్వార్ నుంచి జోషీమఠ్ దాదాపు 275 కిలోమీటర్లు. మన దగ్గర అయితే ఐదారు గంటల పని. ఇక్కడ పొద్దున ఆరింటికి బయల్దేరితే చీకటిపడే వేళకు చేరాం. దేవప్రయాగ దగ్గర భాగీరథి, అలకనంద కలిసే చోట రెండు నీళ్ల రంగులూ వేర్వేరుగా కనబడ్డాయి. తర్వాత రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ. ప్రతి ప్రయాగ దగ్గరా మరదలు బండి ఆపమంది, డ్రైవర్ ప్రతిసారీ విసుక్కోకుండా ఆపాడు.

జోషీమఠ్ ఊళ్లోకి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. 2023 జనవరిలో ఇక్కడ నేల కుంగింది. ఎనిమిది వందలకు పైగా ఇళ్లు పగుళ్లిచ్చాయి. పాత కొండచరియలు విరిగిపడిన మట్టి మీద కట్టిన ఊరు ఇది, బరువైన కట్టడాలు వద్దని 1976లోనే ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ హెచ్చరించింది. మేము దిగిన వీధిలో ఒక గోడ మీద నేల నుంచి కిటికీ దాకా పగులు పాకింది. దానికి సిమెంటు పూశారు, ఆ సిమెంటు కూడా మళ్లీ సన్నగా విచ్చుకుంది. నా చూపుడువేలు గోరు అందులో పట్టింది. ఇక్కడి నుంచి ఔలీకి నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న రోప్‌వే ఉండేది. ఆ పగుళ్లు వచ్చినప్పుడే దాన్ని ఆపేశారు. యాత్రికులకు ఎన్ని సౌకర్యాలున్నాయని లెక్కపెట్టేవాళ్లు ఈ ఊళ్లో ఒక పూట నడవాలి. పైన ఇంకో హోటల్ కడితే ఆ బరువు ఎవరి ఇంటి మీద పడుతుందో ఇక్కడ తెలుస్తుంది.

చలికాలం బదరీనాథ్ గుడి మూసేస్తారు కాబట్టి ఆ ఆరు నెలల పూజలు కింద జరుగుతాయి. జోషీమఠ్ నరసింహస్వామి గుడికి ఆ గౌరవం ఉంది. ఫోన్‌లో చెబితే మిర్యాలగూడలో ఉన్న అమ్మ సంబరపడింది. "మన యాదగిరిగుట్ట స్వామే గదా బిడ్డా, అక్కడ గూడ ఉన్నడు. మీకేం కాదు పోండి" అన్నది. ఈ స్వామి ఎడమ చెయ్యి రోజురోజుకూ సన్నబడుతుందని, అది విరిగిన రోజు బదరీ దారి మూసుకుపోతుందని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆ మాట మాత్రం అమ్మకు చెప్పలేదు.

నాలుగో రోజు

రోడ్డు మీద మంచు పేరుకుంది. చక్రాలకు గొలుసులు చుట్టిన జీపులో పైకి పోయాం. ఒక మలుపు తిరిగాక దేవదారు చెట్ల మధ్య నుంచి తెల్లటి వాలు కనబడింది. మా అమ్మాయి జీపు ఆగకముందే తలుపు తీయబోయింది.

కిరాయికి సామాను ఇచ్చే దుకాణంలో మొదటి దెబ్బ తగిలింది. జనం ఎక్కువగా ఉన్నారు. అతను మా కాళ్ల వైపు ఒక్క చూపు చూసి బూట్లు విసిరినట్టే ఇచ్చాడు. స్కీ బూటు మనం వేసుకునే బూటులాంటిది కాదు. బయట గట్టి ప్లాస్టిక్ డొప్ప, లోపల మెత్తటి పొర, ముందు వరసగా బకిల్స్. వేసుకుంటే చీలమండ కదలదు, మోకాలు ముందుకు వంగే ఉంటుంది. అమ్మాయి పది అడుగులు వేయకుండానే ముఖం మాడ్చింది. "పిక్క ముందర ఎముక ఒత్తుతుందమ్మా, వేళ్లేమో తిమ్మిరెక్కినయ్" అన్నది. మొదటిసారి అలాగే ఉంటుందిలే, ఓర్చుకో అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మాకు నేర్పడానికి వచ్చిన కుర్రాడు జోషీమఠ్ వాడే. పాతికేళ్లుంటాయి. నమస్తే చెప్పి మంచు మీదే మోకాళ్లేసి కూర్చున్నాడు. అమ్మాయి బూటు బకిల్స్ విప్పి, ఎన్ని జతల సాక్సులు వేసుకున్నావని హిందీలో అడిగాడు. రెండు. ఒకటి తీసెయ్యమన్నాడు. రెండు జతలేస్తే కాలు బిగుసుకుని రక్తం ఆడదు, దాంతో వేళ్లకు చలి ఇంకా ఎక్కువవుతుందట. లోపలికి దోపిన ప్యాంటు అంచు కూడా బయటికి లాగాడు. ఎముకకు ఒత్తుకుంటున్నది ఆ మడతే. తర్వాత జేబులోంచి టేపు తీసి పాదం కొలిచాడు. స్కీ బూటు మీద ఉండే సైజు పాదం పొడవేనట, సెంటీమీటర్లలో. అమ్మాయి పాదం 24, ఇచ్చిన బూటు 26. అతనే దుకాణానికి పోయి మార్చి తెచ్చాడు. మడమను వెనక్కి తన్నించి, అప్పుడు బకిల్స్ బిగించాడు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. అప్పుడే సరిపోయినట్టు.

అంతటితో ఆగలేదు. స్కీ మీద బూటును పట్టుకునే బైండింగ్ దగ్గర చిన్న కిటికీలాంటి దాంట్లో ఒక అంకె ఉంటుంది. మనిషి బరువు, ఎత్తు, నేర్పును బట్టి దాన్ని తిప్పాలి. పడినప్పుడు స్కీ కాలి నుంచి ఊడిపోవాలి, ఊడకపోతే మోకాలు మెలిపడుతుంది. మా నలుగురికీ ఒకే అంకె మీద ఉంది. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి ఒక్కొక్కరి బరువు అడుగుతూ మార్చాడు. ఈ పని దుకాణంలోనే జరగాలి. అది అక్కడ జరగలేదు. ఇలాంటి కుర్రాడు దొరకని వాళ్ల పరిస్థితి తలుచుకుంటే భయమేసింది.

అతను మంచు మీద కూర్చుని బూటు సరిచేస్తుంటే నాకు భువనగిరి బండ కింద విడిచిన ఆ బూట్లు గుర్తొచ్చాయి. పక్కకు పడిన బూటులోంచి మడత పెట్టిన పేపరు ముక్క బయటికి వచ్చింది. ఆ రోజు దాన్ని కళ్లతో చూశాను కూడా. పెద్ద బూటు కాలికి ఆనాలని ముందు పేపరు కుక్కుకుని వచ్చింది ఆ పిల్ల. అది వేసుకుని బండ ఎలా ఎక్కుతుంది? నేను అడగలేదు. ఆ పిల్ల చెప్పుకోలేక భయమన్నది.

కాసేపు నాకు పాఠం చెవికెక్కలేదు.

మొదటి పాఠం పడడం. వెనక్కి చేతులు ఆనించకుండా, పక్కకు, తుంటి మీద కూర్చున్నట్టు పడాలి. లేవాలంటే రెండు స్కీలనూ పక్కపక్కనే, వాలుకు అడ్డంగా, ఒంటికి కింది వైపున పెట్టుకోవాలి. కొసలు వాలు కిందికి తిప్పి పెడితే లేస్తుండగానే జారిపోతాం. గంట సేపు ఇదే పని. పడడం, లేవడం. కబడ్డీలో కూడా నేను ముందు నేర్పేది ఇదే కాబట్టి ఆ కుర్రాడి మీద గౌరవం పెరిగింది. తర్వాత ఆగడం. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి, లోపలి అంచుల మీద బరువు వేయాలి. దీన్ని స్నో ప్లౌ అంటారు, మంచు నాగలి. తమ్ముడు రెండుసార్లు జారి మూడోసారి ఆగాడు. "అక్కా, గిది గుంటుక తోలినట్టే ఉన్నది. మీద బరువేస్తే భూమిని పట్టుకుంటది, తీస్తే ఉరుకుతది" అన్నాడు. అది విన్నాక నాకు కూడా కాళ్లకు అర్థమైంది. కుర్రాడికి హిందీలో చెబితే నవ్వి, వాళ్ల నాన్న కూడా పొలం దున్నేవాడే అన్నాడు. సాయంత్రం తమ్ముడు అతని రెండు జేబుల నిండా బత్తాయిలు నింపాడు.

సామాను తిరిగిచ్చేటప్పుడు పొద్దున చెప్పిన రేటు కాకుండా జతకు మూడు వందలు ఎక్కువడిగారు. రేట్లు రాసిన బోర్డు ఉంటే ఈ గొడవే ఉండదు. మొదటిసారి వచ్చినవాళ్లకు వాదించే ధైర్యం ఉండదు, ఇచ్చి పోతారు. మేము వాదించాం, సగం తగ్గించారు.

ఐదో రోజు

ఆకాశం కడిగినట్టుంది. తీగకు వేలాడే కుర్చీల్లో కూర్చోబెట్టి పైకి తీసుకుపోయే చెయిర్‌లిఫ్ట్ ఎక్కాం. ఇక్కడి వాలు దాదాపు 3,050 మీటర్ల నుంచి 2,500 మీటర్ల దాకా దిగుతుంది. కొత్తవాళ్లకు కింద మెత్తటి వాలు, నేర్చినవాళ్లకు పైన పొడవైనది. ఇది ఔలీకి ఉన్న పెద్ద బలం. నాలుగు రోజులు నేర్చుకుంటే ఒక మాదిరి వాలు దిగగలమని అనిపిస్తుంది. అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్లు వారం, రెండు వారాల కోర్సులు కూడా నడుపుతారు. తీరిక ఉన్నవాళ్లు ఒక రోజు సరదాకు కాకుండా ఆ కోర్సుకే రావాలని నా సలహా.

ఎదురుగా నందాదేవి. 7,816 మీటర్లు. పక్కన ద్రోణగిరి. సంజీవని కోసం హనుమంతుడు ఎత్తుకుపోయిన కొండ అదేనట. ద్రోణగిరి ఊరివాళ్లు తమ కొండను విరిచి తీసుకుపోయాడని ఇప్పటికీ హనుమంతుడికి పూజ చేయరు. మరదలు వాళ్ల ఊళ్లో గల్లీకొక ఆంజనేయస్వామి. చాలాసేపు ఆ కొండను చూసి, "మన కొండ ఎవరన్న ఎత్తుకపోతే మనమూ గట్లనే అలుగుతుంటిమి వదినా" అన్నది.

మంచు మీద మెరుపు కళ్లను కాల్చేస్తుంది. కొత్త మంచు ఎండను దాదాపు అంతా వెనక్కి కొడుతుంది. నల్ల కళ్లద్దాలు లేకుండా ఎవరూ రావొద్దు. నా పెదవులు ఆ ఒక్క రోజులోనే పగిలాయి.

పైన ఒక చెరువు ఉంది, మనుషులు తవ్వింది. మంచు సరిగా పడని ఏడు ఆ నీటిని యంత్రాలతో చిమ్మి మంచు చేయడానికి. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు ఇక్కడ జరిగాయి, ఆ ఏర్పాట్లు అప్పటివి. కానీ యంత్రానికి కూడా గాలి చల్లగా, పొడిగా ఉండాలి. చలి తగ్గితే నీళ్లు నీళ్లుగానే పడతాయి. మంచు చాలక ఇక్కడ పోటీలు రద్దయిన ఏళ్లున్నాయి. అందుకే నెల ముందు టికెట్లు కొని, రాగానే మంచు ఉంటుందని నమ్ముకోవద్దు. నలుగురు డ్రైవర్లకు ఫోన్ చేసి కనుక్కోవాలి. మేము అలాగే చేశాం.

నల్లగొండ మనిషి ఎక్కడికి పోయినా ముందు నీళ్ల గురించి అడుగుతాడు. మా తాతయ్య నడుము ఫ్లోరైడ్ నీళ్లకే వంగిపోయింది. నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చినా మాకు ఆ అలవాటు పోలేదు. ఇక్కడ పొద్దునపూట పైపుల్లో నీళ్లు గడ్డకడతాయి. మేము దిగిన చోట బకెట్ వేడినీళ్లు అడిగితే ఇచ్చారు, అది చాలు. కానీ స్లోప్ దగ్గర తాగేందుకు సీసా నీళ్లు కొనడమే. ఆడవాళ్ల బాత్రూంలో నీళ్లు గడ్డకట్టి తలుపు వేసేశారు. మరదలు ఆ బరువు బూట్లు విప్పుకుని, నడుచుకుంటూ రూముకు పోయి, తిరిగొచ్చి మళ్లీ బిగించుకునే సరికి గంటన్నర పాఠం పోయింది. మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగడం మానేసింది. అంత ఎత్తులో నీళ్లు తాగకపోతే తలనొప్పి ఖాయం, సాయంత్రానికి వచ్చింది కూడా. మూడు వేల మీటర్ల ఎత్తున మంచు తయారు చేయగలిగినప్పుడు ఒక బకెట్ వేడినీళ్లు, ఒక తలుపు పెట్టలేరా? దీన్ని చిన్న విషయమనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆడపిల్లలు ఆట మానేసేది ఇలాంటి చోటనే. మా బడిలో చూశాను.

ఆరో రోజు

రాత్రంతా గాలి. పొద్దున లేస్తే మెట్లు కనబడలేదు. చెయిర్‌లిఫ్ట్ దగ్గర అప్పటికే యాభై మంది వరసలో ఉన్నారు. లిఫ్ట్ నడుస్తుందో లేదో చెప్పేవాళ్లు లేరు. గాలిలో నడపకపోవడమే మంచిది, దానికి ఎవరమూ ఏమీ అనం. కానీ గంటన్నర పిల్లలతో చలిలో నిలబెట్టి చివరికి లేదనడం తప్పు. ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క సరిపోతుంది కదా.

పక్క గుంపులో ఒకాయన కాలు మెలిపడింది. స్థానిక కుర్రాళ్లు ఇద్దరు పరుగున వచ్చి, బల్లబండి మీద పడుకోబెట్టి, కదలకుండా కట్టి రోడ్డు దాకా లాగారు. చేయి తిరిగిన పని అది. కానీ అక్కడి నుంచి డాక్టర్ కోసం జోషీమఠ్ దిగాల్సిందే, మంచు రోడ్డు మీద.

మిగతా సమయం ఓక్ చెట్ల కింద నడిచాం. మంచు పైపొర కింద నూడుల్స్ కవర్లు, గ్లాసులు. అమ్మాయి ఒక సంచి నింపింది. 2019 జూన్‌లో ఇక్కడ ఒక కోటీశ్వరుల ఇంటి పెళ్లిళ్లు రెండు జరిగితే మూడు వందల క్వింటాళ్లకు పైగా చెత్త మిగిలింది, విషయం హైకోర్టు దాకా పోయింది. పాత కొండచరియల మట్టి మీద నిలిచిన ఊరి నెత్తి మీద అంత బరువు పెట్టడానికి మనసెలా వచ్చిందో.

మధ్యాహ్నం గాలి ఆగింది. కుర్రాడు మేము పిలవకుండానే వచ్చి, మొన్న నేర్చిన చోటే ఒక గంట నేర్పాడు. డబ్బులు తీసుకోనన్నాడు. తమ్ముడు బలవంతంగా జేబులో పెట్టాడు. అమ్మాయి పై నుంచి కింది దాకా పడకుండా దిగి, నా ముందుకొచ్చి నాగలి పట్టి ఆగింది. మంచు పొడి నా బూట్ల మీద పడింది. ఎవరైనా ఔలీ ఎలా ఉందని అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ గీత, మంచు మీద ఇంగ్లిష్ 'వి' ఆకారంలో.

ఏడు, ఎనిమిది రోజులు

దిగడం. రుద్రప్రయాగ దాటాక కొండచరియ పడి రెండు గంటలు ఆగాం. హరిద్వార్, ఢిల్లీ, మళ్లీ తెలంగాణ ఎక్స్‌ప్రెస్.

తొమ్మిదో రోజు

కాజీపేట దాటాక నోటుబుక్ తీశాను. ఎనిమిదో తరగతి పేజీ. ఆ పిల్ల వాళ్లమ్మ నంబరుకు ఫోన్ చేశాను. పిల్లే ఎత్తింది.

"మేడం, మీరు మంచు కాడికి పోయిన్రంట గదా?"

"పోయొచ్చిన బిడ్డా. కిందటేడు భువనగిరికి ఏసుకొచ్చిన బూట్లు ఎవరియే?"

కాసేపు మాట లేదు. "అక్కవి మేడం."

"ఇంట్ల తెల్లకాగితం ఉంటే కింద ఏసి, దాని మీద పాదం పెట్టి, పెన్సిల్‌తోని చుట్టూ గీత గియ్యి. మడిమె కాడి నుంచి బొటనవేలు కొస దాక స్కేలుతోని కొలువు. నేను లైన్‌లనే ఉంట."

అవతల డబ్బా మూత తీసిన చప్పుడు, ఎవరినో స్కేలు అడగడం, చెల్లె నవ్వు. బండి ఆలేరు దాటింది. సాయంత్రపు ఎండలో భువనగిరి బండ దూరం నుంచే ఎర్రగా కనబడుతోంది.

"ఇరవై రెండున్నర వస్తుంది మేడం."

'భయం' అన్న మాట కొట్టేసి, పక్కన 22.5 అని రాశాను.